‘నాలుగు నెలలైంది, ఇంకా మెషీన్ కొనలేకపోతున్నాను’

పేరు వెయ్యొద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. ఆమె ఆరేళ్లు ఒక స్టూడియోలో ఇంటీరియర్ రెండర్లు (ఇంటి లోపలి డిజైన్‌ని కంప్యూటర్‌లో కట్టి నిజమైన ఫోటోలా తీసే చిత్రాలు) చేశారు. ఐదు నెలల క్రితం ఉద్యోగం మానేసి ఇంటి నుంచే సొంతంగా పని మొదలుపెట్టారు. పని ఎక్కువగా బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో, అందులోని సైకిల్స్ రెండరర్‌తో (చిత్రాన్ని లెక్కగట్టి తయారుచేసే ప్రోగ్రాం). అప్పుడప్పుడూ పాత పరిచయస్తులు కరోనా అనే మరో రెండరర్‌లో చేసిన సీన్లు (త్రీడీ ఫైళ్లు) పంపుతుంటారు. ఇంట్లో ఉన్నది పాత కంప్యూటర్: నాలుగు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు.

రెండు నెలల కిందట 30 సెకన్ల వాక్‌త్రూ (ఇంట్లో నడుస్తూ చూస్తున్నట్టు ఉండే వీడియో) ఒకటి ఒప్పుకున్నారు. కార్డు మీద రెండర్ పెడితే మెమరీ చాలడం లేదని మొదటి ఫ్రేమ్‌కే (వీడియోలోని ఒక్కో బొమ్మ) ఆగిపోయింది. ప్రాసెసర్ మీద పెడితే ఒక్కో ఫ్రేమ్‌కి 14 నిమిషాలు పట్టింది. ఆరో రోజు కరెంటు పోయింది, అప్పటిదాకా తయారైన వీడియో ఫైలు తెరుచుకోలేదు, పని చేజారింది.

కొత్త మెషీన్ కొందామంటే తలా ఒక మాట. వాళ్లాయన ల్యాప్‌టాప్ తీసుకోమంటున్నారు. అన్నయ్య అన్నిటికంటే పెద్ద కార్డు కొనేయమంటున్నాడు. పాత సహోద్యోగి 64 కోర్ల ప్రాసెసర్ లేకపోతే దండగ అంటున్నాడు. షాపు అతను రెండు చిన్న కార్డులు వేసి ఇస్తానంటున్నాడు. ‘డబ్బు ఒక్కసారికే ఉంది. అది ఆరేళ్ల పొదుపు. తప్పు కొంటే మళ్లీ కొనే శక్తి లేదు. రాత్రంతా రివ్యూలు చూసి ఏదో ఒకటి అనుకుంటాను, తెల్లారేసరికి మళ్లీ మొదటికొస్తాను. మావారు ఇంకా ఎన్నాళ్లు అని మామూలుగా అడిగినా నాకు ఏడుపొస్తోంది’ అని ముగించారు.

సమాధానం:

ముందుగా ఆ చేజారిన పని గురించి మాట్లాడతాను. మీ టెన్షన్‌లో సగం అక్కడి నుంచే వస్తోందని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మెషీన్ చిన్నదవడం వల్లే అది పోయిందని మీరు అనుకుంటున్నారు. నిజానికి ఆరు రోజుల కష్టం పోయింది వేరే కారణంతో. మీరు రెండర్‌ని నేరుగా వీడియో ఫైలుగా రాయించారు. వీడియో ఫైలు మధ్యలో ఆగిపోతే మొత్తం పాడయ్యే ప్రమాదం ఉంటుంది. అదే ఒక్కో ఫ్రేమ్‌నీ విడిగా బొమ్మ ఫైలుగా, పీఎన్‌జీ గానో ఈఎక్స్‌ఆర్ గానో రాయించి ఉంటే, కరెంటు పోయేసరికి తయారైన ఫ్రేములన్నీ మీ డిస్కులో భద్రంగా ఉండేవి. మళ్లీ ఆగిన చోటి నుంచి మొదలుపెట్టేవారు. స్టూడియోలో ఈ సెట్టింగులు వేరెవరో చూసుకునేవాళ్లు కాబట్టి మీకు ఈ అవసరం పడి ఉండదు. ఎంత ఖరీదైన మెషీన్ కొన్నా ఈ అలవాటు లేకపోతే అదే నష్టం మళ్లీ జరుగుతుంది. ఈ అలవాటు ఉంటే ఇప్పుడున్న మెషీన్‌తో కూడా ఆ నష్టం జరగదు.

ఇక మీకు సలహా ఇస్తున్న నలుగురి మాట. వాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. మీ అన్నయ్య వేగం గురించి చెబుతున్నాడు. మీ సహోద్యోగి తను వాడే రెండరర్ గురించి చెబుతున్నాడు. మీవారు ఇంట్లో చోటు గురించీ, మీరు ఎక్కడైనా కూర్చుని పని చేసుకోవడం గురించీ ఆలోచిస్తున్నారు. షాపు అతను తన దగ్గరున్న సరుకు గురించి చెబుతున్నాడు. మీ సీన్ ఎక్కడ ఆగుతోందని మాత్రం ఎవరూ అడగలేదు. నాకు కావలసింది ఆ ఒక్క సంగతే.

రెండరింగ్‌లో రెండు రకాల కొరతలు ఉంటాయి. వేగం తక్కువైతే పని ఆలస్యంగానైనా పూర్తవుతుంది. మెమరీ తక్కువైతే పని మొదలే కాదు, లేదా నత్తనడక నడుస్తుంది. మెమరీ నిండినప్పుడు సైకిల్స్ కొంత డేటాని మామూలు ర్యామ్‌లోకి నెట్టి నెట్టుకురాగలదు, కానీ అప్పుడు వేగం బాగా పడిపోతుంది. పైగా మీ ర్యామ్ కూడా 16 జీబీయే కాబట్టి అక్కడా చోటు లేకపోయింది. అంటే మిమ్మల్ని ఆపింది మొదట మెమరీ. వేగం సంగతి ఆ తర్వాత. మీ డబ్బులో మొదటి వాటా దేనికి వెళ్లాలో దీన్నిబట్టే తేలుతుంది.

మెమరీ ఎలా ఖర్చవుతుందో ఒక మోటు లెక్క వేసి చూపిస్తాను. వస్తువుల పైన అతికించే చెక్క, గుడ్డ లాంటి బొమ్మల్ని టెక్స్‌చర్లు అంటారు. 4కె టెక్స్‌చర్ అంటే 4096 బై 4096 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి నాలుగు బైట్లు వేసుకుంటే ఒక్క టెక్స్‌చర్ 64 ఎంబీ. డిస్కులో అది 5 ఎంబీ జేపెగ్‌గా ఉండొచ్చు, కానీ కార్డులోకి వెళ్లేటప్పుడు మొత్తం విప్పుకునే వెళ్తుంది. ఒక మెటీరియల్‌కి (అంటే ఒక రకం ఉపరితలానికి) రంగు, రఫ్‌నెస్, నార్మల్, డిస్‌ప్లేస్‌మెంట్ కలిపి నాలుగు మ్యాపులు, అంటే నాలుగు టెక్స్‌చర్లు ఉంటే 256 ఎంబీ. మీరు రాసినట్టు ఆ ఫ్లాటు సీన్‌లో దాదాపు 40 మెటీరియల్స్ ఉంటే, అన్నీ 4కె అయితే, టెక్స్‌చర్లే 10 జీబీ. గ్రేస్కేల్ (నలుపు తెలుపు) మ్యాపులు తక్కువ తీసుకుంటాయి, 16 బిట్ మ్యాపులు రెట్టింపు తీసుకుంటాయి. దీని మీద సోఫాలు, కర్టెన్లు, మొక్కల జామెట్రీ (ఆకారాల డేటా), ఆపైన మానిటర్‌ని నడపడానికి విండోస్ తీసుకునే మెమరీ. 6 జీబీ కార్డు చేతులెత్తేయడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు అదే లెక్క ఇంకోలా వెయ్యండి. 2కె టెక్స్‌చర్ 16 ఎంబీ మాత్రమే. ఆ 40 మెటీరియల్స్‌నీ 2కె కి దించితే 10 జీబీ కాస్తా రెండున్నర జీబీ అవుతుంది. కెమెరాకి దూరంగా గోడమూల ఉన్న పూలకుండీకి 4కె ఎందుకు? బ్లెండర్‌లో సింప్లిఫై కింద టెక్స్‌చర్ లిమిట్ అనే సెట్టింగ్ ఉంది, ఒక్క క్లిక్‌తో అన్నిటినీ దించి చూడొచ్చు. కుర్చీలని కాపీ చేసేటప్పుడు షిఫ్ట్ డీ కొట్టారా, ఆల్ట్ డీ కొట్టారా అన్నది కూడా చూడండి. మామూలుగా షిఫ్ట్ డీ ప్రతి కుర్చీకీ కొత్త మెష్ (ఆకారం డేటా) తయారు చేస్తుంది. ఆల్ట్ డీ అయితే అన్ని కుర్చీలూ ఒకే మెష్‌ని పంచుకుంటాయి. ఇవన్నీ చేసి ఆ సీన్‌ని మళ్లీ మీ పాత కార్డు మీద పెట్టి చూడమని నా మాట. రెండర్ అవుతుందని హామీ ఇవ్వలేను. కానీ అయితే మాత్రం, ఇవాళే కొనాలన్న తొందర పోతుంది, నిదానంగా ఎంచుకోవచ్చు. నాలుగు నెలలుగా మీకు దొరకనిది ఆ నిదానమే.

ఇక వేగం. 30 సెకన్లు, సెకనుకి 24 ఫ్రేములు అంటే 720 ఫ్రేములు. ఒక్కోటి 14 నిమిషాలంటే 168 గంటలు, సరిగ్గా వారం రోజులు. మీరు ఉత్తరంలో ఒక మంచి వివరం రాశారు: 14 నిమిషాల్లో మొదటి రెండు నిమిషాలు సీన్ తయారు చేసుకోవడానికే పోతోందని. చాలామంది దీన్ని గమనించరు. ఆ రెండు నిమిషాల పని ఎక్కువ భాగం ప్రాసెసర్ మీద జరుగుతుంది, అందులో కొంత ఒకే కోర్ మీద నడుస్తుంది. కొత్త కార్డు మిగతా 12 నిమిషాల్ని రెండుకి తగ్గించిందనుకుందాం. ఫ్రేమ్ నాలుగు నిమిషాలు, మొత్తం 48 గంటలు. అందులో 24 గంటలు కేవలం సీన్ తయారీయే! అక్కడి నుంచి ఎంత పెద్ద కార్డు పెట్టినా ఆ 24 గంటలు తగ్గవు. అదే ఒక్కో కోర్ చురుగ్గా ఉన్న కొత్త ప్రాసెసర్ ఆ రెండు నిమిషాల్ని ఒకటి చేస్తే మొత్తం 36 గంటలకి వస్తుంది. 

డబ్బు ఖర్చు లేకుండా ఇంకా తగ్గించే దారి కూడా ఉంది. వాక్‌త్రూలో కదిలేది కెమెరా ఒక్కటే అయితే, పెర్ఫార్మెన్స్ సెట్టింగుల్లో పర్సిస్టెంట్ డేటా ఆన్ చెయ్యండి. ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ సీన్‌ని మళ్లీ కట్టుకోకుండా మెమరీలోనే ఉంచుకుంటుంది. మెమరీ ఎక్కువ తీసుకుంటుందన్నది గుర్తుపెట్టుకోండి, చూశారా, మళ్లీ మెమరీ దగ్గరికే వచ్చాం. శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి వెలుతురుని ఎన్నిసార్లు లెక్కగట్టాలన్న సంఖ్య) విషయం కూడా చూడండి: నాయిస్‌ని, అంటే చిత్రంలోని చుక్కల గరుకుని సగం చెయ్యాలంటే నాలుగు రెట్లు శాంపిల్స్ కావాలి. కాబట్టి నాయిస్ మొత్తాన్నీ శాంపిల్స్‌తోనే పోగొట్టాలని చూడకుండా, కొంతవరకు శాంపిల్స్ ఇచ్చి మిగతాది డీనాయిజర్‌కి (ఆ గరుకుని తుడిచే ప్రోగ్రాం) వదిలెయ్యడం మేలు. వాక్‌త్రూలో మాత్రం మరీ తక్కువ శాంపిల్స్ పెడితే డీనాయిజ్ చేసిన గోడల మీద ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ మచ్చలు మినుకుమినుకుమంటాయి. పది ఫ్రేములు తీసి కదిలించి చూశాకే సంఖ్య ఖాయం చేసుకోండి.

మీ సహోద్యోగి చెప్పిన 64 కోర్ల మాటకి వద్దాం. ఆయన కరోనాలో పని చేస్తారని రాశారు. కరోనా రెండర్ చేసేది ప్రాసెసర్ మీదే, గ్రాఫిక్స్ కార్డు దాని వేగానికి పెద్దగా పనికిరాదు. ఆయన కోణం నుంచి ఆయన మాట నూటికి నూరుపాళ్లు సరైనది. వీ-రే అనే ఇంకో రెండరర్‌కి ప్రాసెసర్ ఇంజనూ ఉంది, కార్డు ఇంజనూ ఉంది. సైకిల్స్ రెండిటి మీదా నడుస్తుంది కానీ, మంచి కార్డు ఉంటే ప్రాసెసర్ దాని దరిదాపులకి కూడా రాదు. అందువల్ల మిమ్మల్ని ఒక ప్రశ్న అడగాలి: ఈ ఐదు నెలల్లో మీకు వచ్చిన ఆదాయంలో కరోనా పనుల వాటా ఎంత? పదో వంతు అయితే దాని కోసం మెషీన్ మొత్తాన్నీ వంచకండి, 16 కోర్ల మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఆ పనులు కాస్త నెమ్మదిగా అయినా చేసి పెడుతుంది. సగానికి సగం అయితే మాత్రం కథ మారుతుంది. అప్పుడు కార్డు మీద పెట్టే డబ్బు తగ్గించి కోర్లకి మళ్లించాలి. 32, 64 కోర్ల థ్రెడ్‌రిప్పర్ లాంటి ప్రాసెసర్లు తీసుకుంటే వాటి బోర్డూ, ర్యామూ కూడా వేరే రకం, వాటి ఖర్చు కూడా కలుపుకుని చూడండి. చాలామంది ప్రాసెసర్ ధర ఒక్కటే చూసి మోసపోతారు.

మీ ఉత్తరాన్నిబట్టి మీ ఆదాయం చాలావరకు బ్లెండర్ నుంచే వస్తోందనిపిస్తోంది కాబట్టి ఆ దారిలోనే చెబుతాను. కార్డు విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, 16 జీబీ ఉన్న కొత్త కార్డు, ఉదాహరణకి ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5070 టీఐ లాంటిది. వారంటీ ఉంటుంది, సుమారు 300 వాట్లు తీసుకుంటుంది, మీ ఫ్లాటు సీన్ ఇందులో పట్టేలాగే ఉంది. కానీ రేపు చెట్లూ గడ్డీ ఉన్న బయటి సీన్లు తీసుకుంటే మళ్లీ మెమరీ లెక్కలు వేసుకోవాల్సి వస్తుంది. రెండోది, వాడిన ఆర్‌టీఎక్స్ 3090. అది 2020లో వచ్చిన కార్డు, 24 జీబీ ఉంది, అందుకే రెండర్ చేసేవాళ్లు ఇప్పటికీ దాన్ని వెతుక్కుంటున్నారు. కష్టం ఏంటంటే 350 వాట్లు తాగుతుంది, మెమరీ చిప్పులు బోర్డుకి వెనకవైపు కూడా ఉండటంతో అక్కడ బాగా వేడెక్కుతుంది, వారంటీ అయిపోయి ఉంటుంది. గంటసేపు మీ సొంత సీన్ రెండర్ పెట్టి చూడనివ్వని అమ్మకందారు దగ్గర దాన్ని కొనకండి. మూడోది మీ అన్నయ్య చెప్పిన దారి, 32 జీబీ ఉన్న 5090. మెమరీ దిగులు చాలాకాలం ఉండదు. ఆ ఒక్క కార్డే 575 వాట్లు తీసుకుంటుంది, కాబట్టి పవర్ సప్లయ్, క్యాబినెట్, గది వేడి, కరెంటు బిల్లు అన్నీ దానితో పాటే పెరుగుతాయి. అదీగాక మీ పొదుపంతా అందులో పోతే, ఒక నెల పనులు రాకపోయినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. కొత్తగా సొంత పని మొదలుపెట్టినవాళ్లకి నేను ఈ మూడో దారిని చివర్లో ఉంచుతాను. మీ చేతిలో ఆరు నెలల ఖర్చులకి విడిగా డబ్బు ఉంటే అభ్యంతరం లేదు.

షాపు అతని రెండు కార్డుల ప్రతిపాదనకి మాత్రం గట్టిగా వద్దంటాను. ఈ పొరపాటు నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట రెండు 8 జీబీ కార్డులు కలిస్తే 16 అవుతాయని నమ్మి కొన్నాను, అమ్మినతను అలాగే చెప్పాడు. మామూలుగా ప్రతి కార్డూ సీన్ మొత్తాన్నీ తన మెమరీలో విడిగా పెట్టుకుంటుంది. వేగం దాదాపు రెట్టింపవుతుంది, మెమరీ మాత్రం 8 జీబీ గానే ఉంటుంది. ఒక పెద్ద సీన్ ఆగిపోయిన రాత్రి నాకు ఆ సంగతి తెలిసొచ్చింది. రెండిటి మెమరీనీ కలిపే ఎన్‌వీలింక్ 3090కి ఉండేది. దాని తర్వాత వచ్చిన 40 సిరీస్ జీఫోర్స్ కార్డుల నుంచి దాన్ని తీసేశారు. మీ కొరత మెమరీ అయినప్పుడు రెండు చిన్న కార్డులు మీ సమస్యని అలాగే ఉంచుతాయి.

ఎన్విడియా కాకుండా ఏఎండీ కంపెనీ కార్డుల గురించి కూడా అడిగారు. బ్లెండర్ వాటిని కూడా వాడుకుంటుంది. మీరు ఎప్పటికీ బ్లెండర్‌లోనే ఉంటే ఆలోచించొచ్చు. వీ-రే కార్డు ఇంజను ప్రధానంగా ఎన్విడియా కోసమే తయారైంది, మీకు బయటి నుంచి రకరకాల ఫైళ్లు వస్తుంటాయి. మీ పరిస్థితిలో నేనైతే ఎన్విడియా తీసుకుంటాను.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ర్యామ్ 64 జీబీ, కార్డు మెమరీకి కనీసం రెట్టింపు ఉండేలా. దాన్ని 32 జీబీ స్టిక్కులు రెండుగా తీసుకోండి, 16 జీబీవి నాలుగుగా వద్దు. రైజెన్ 9 9950ఎక్స్ లాంటి ప్రాసెసర్‌కి రెండు స్టిక్కులతో అధికారిక ర్యామ్ (డీడీఆర్5) వేగం 5600, నాలుగు పెడితే 3600కి పడిపోతుంది. పవర్ సప్లయ్ 16 జీబీ కార్డుకి మంచి 850 వాట్లది చాలు, పేరున్నది తీసుకోండి, ఇక్కడ పిసినారితనం వద్దు. ప్రాసెస్ ఆగకుండా గంటల తరబడి నడుస్తుంది కాబట్టి గాలి బాగా ఆడే క్యాబినెట్ కావాలి. రంగు లైట్లు అక్కర్లేదు. ఒక ఎన్‌వీఎంఈ డిస్కు (వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ) ఎలాగూ ఉంటుంది. యూపీఎస్ తప్పకుండా.

ల్యాప్‌టాప్ విషయం మీవారితో మాట్లాడేటప్పుడు ఒక్క సంగతి చూపించండి. పేరు ఒకటే అయినా లోపల కార్డు ఒకటి కాదు. డెస్క్‌టాప్ 4090లో 24 జీబీ ఉంటే ల్యాప్‌టాప్ 4090లో 16. డెస్క్‌టాప్ 4070లో 12 ఉంటే ల్యాప్‌టాప్‌లో 8. రెండు రోజులు ఆగకుండా రెండర్ పెడితే ఆ సన్నటి పెట్టెలో వేడి పెరిగి వేగం తగ్గుతుంది. తర్వాత కార్డు మార్చుకునే వీలూ లేదు. అయితే ఆయన మాటలో న్యాయం ఉంది: మీరు నెలలో సగం రోజులు క్లయింట్ల ఎదుట కూర్చుని మార్పులు చేసి చూపించాల్సిన పని అయితే ల్యాప్‌టాప్ అవసరమే. మీ ఉత్తరంలో అలాంటిదేమీ కనిపించలేదు. ఆయన ‘ఇంకా ఎన్నాళ్లు’ అన్నది మీ మీద విసుగుతో కాకపోవచ్చు. మీరు నిద్రపోకుండా స్క్రీన్ ముందు కూర్చోవడం ఆయన చూస్తున్నారు కదా. ఈ లెక్కలు ఆయన పక్కన కూర్చోబెట్టుకుని వెయ్యండి. కంప్యూటర్ తెలియనివాళ్లకి కూడా 720 ఫ్రేములు, 14 నిమిషాలు అర్థమవుతాయి.

ఇప్పుడే మెషీన్ కొనకుండా ఉండటం కూడా ఒక దారే. వాక్‌త్రూ లాంటి పెద్ద పని వచ్చినప్పుడు దాన్ని డబ్బు తీసుకునే రెండర్ ఫార్మ్‌కి (ఎన్నో కంప్యూటర్ల మీద మన ఫైలు రెండర్ చేసిపెట్టే సర్వీసు) పంపి, ఆ ఖర్చుని క్లయింట్ కొటేషన్‌లోనే కలపొచ్చు. స్టిల్ చిత్రాలు మీ పాత మెషీన్ మీదే చేసుకోవచ్చు. అలా చేస్తే పొదుపు మిగులుతుంది, ఏ రకం పనులు ఎక్కువ వస్తాయో తేలాక కొనుక్కోవచ్చు. ఫైళ్లు ఎక్కించడానికి, తప్పు ఫ్రేములు మళ్లీ తీయడానికి సమయం పోతుంది, ప్రతి చిన్న ప్రయోగానికీ మీటరు తిరుగుతుంది. షీప్‌ఇట్ లాంటి ఉచిత ఫార్మ్ ఉంది, కానీ అక్కడ మీ ఫైలు వేరేవాళ్ల మెషీన్లలో రెండర్ అవుతుంది. క్లయింట్ అనుమతి లేకుండా వాళ్ల ఇంటి డిజైన్ అలా పంపకండి.

పాతదానికే కొత్త కార్డు తగిలించడం మధ్యేమార్గం. ముందు పవర్ సప్లయ్ మార్చాలి, ర్యామ్ పెంచాలి, నాలుగు కోర్ల ప్రాసెసర్‌తో సీన్ తయారీ ఆ రెండు నిమిషాల దగ్గరే ఉంటుంది. అయినా కార్డు వృథా కాదు, ఏడాది తర్వాత మిగతా మెషీన్ కొన్నప్పుడు దాన్ని అందులోకి మార్చుకోవచ్చు. బోర్డుకి కావలసిన పాత రకం ర్యామ్ మాత్రం కొత్త మెషీన్‌లో పనికిరాదు, అంచేత దాని మీద ఎక్కువ పెట్టకండి. డబ్బు ఒక్కసారే ఉందని రాశారు కాబట్టి ఈ దారిని మీరు కొట్టిపారేసి ఉంటారు. కానీ ఒకేసారి అంతా ఖర్చు పెట్టాలన్న నియమం మీకు ఎవరూ పెట్టలేదు.

ఈ వారం రివ్యూలు పక్కన పెట్టి ఆ ఆగిపోయిన వాక్‌త్రూ ఫైలు తెరవండి. టెక్స్‌చర్లని దించి ఒక ఫ్రేమ్ కార్డు మీద పెట్టండి. రెండర్ విండోలో పైన కనిపించే పీక్ మెమరీ ఎంతో రాసుకోండి, విండోస్ టాస్క్ మేనేజర్‌లో డెడికేటెడ్ జీపీయూ మెమరీ ఎక్కడిదాకా వెళ్లిందో కూడా. సీన్ తయారీకి ఎంత, రెండర్‌కి ఎంత అన్నది ఫోన్‌లో టైమర్ పెట్టి చూడండి. తర్వాత టెక్స్‌చర్లని మళ్లీ 4కె కి తెచ్చి ప్రాసెసర్ మీద ఒక ఫ్రేమ్ పెట్టి పీక్ ఎంతో చూడండి. ఆ రెండో సంఖ్య 12 జీబీ లోపు వస్తే 16 జీబీ కార్డు మీకు సరిపోతుంది. 14 దాటితే వాడిన 24 జీబీ కార్డు కోసం వెతకడం మొదలుపెట్టండి, లేదా ఫార్మ్ దారి పట్టండి. మధ్యలో ఉంటే ఆ అంకెలు నాకు రాసి పంపండి, కలిసి చూద్దాం. ఇంకొకటి, ఆ వాక్‌త్రూ ఇచ్చిన క్లయింట్‌కి ఒకసారి ఫోన్ చేసి చూడండి. పని ఇంకెవరికీ ఇవ్వకపోయి ఉండొచ్చు.